సాడిల్ వాగు నీళ్ళు

వాసుదేవరావు వేలు బాటిల్ మూతను తాకి వదిలిన చోట ఎర్రటి మరక మిగిలింది. కందిగింజలో సగం కూడా ఉండదు. శేషుకుమారి దాన్ని చూసింది, చూపు తిప్పుకుంది, మళ్ళీ చూసింది. ఎదురుగా ఎమూ వాగు రోడ్డును మింగేసి బురదరంగులో పారుతోంది. టొయోటా ఇంజను ఆపేసి ఒడ్డునే నిలబెట్టారు. వరద తీస్తే అవతలికి దాటి, సాయంత్రానికి టౌను చేరి, రేపటి విమానంలో సిడ్నీ వెళ్ళిపోవచ్చు. "గంటలో తగ్గిపోతుందమ్మాయ్. పైనుంచి దిగిన వరద కాదిది, ఇక్కడ కురిసిన వానే" అన్నారాయన. అని, డాష్‌బోర్డు సొరుగులోంచి చిన్న ఇత్తడి భరిణె తీసి, వేలితో సింధూరం అద్దుకుని, నుదుట పెట్టుకుని, కళ్ళు మూసి పెదవులు కదిపి, ఆ చేత్తోనే వెనక్కి వంగి, ఐసు నింపిన ఎస్కీ పెట్టెలో ఉదయం పట్టిన నీళ్ళ బాటిళ్ళ మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే తిప్పి చూశారు. అలవాటైన చెయ్యి. జాగ్రత్తపరుడి చెయ్యి. ఆ చెయ్యి వెనక్కి వచ్చాక మిగిలింది ఆ మరక.

సింధూరం. ఆ మాట ఆమె తలలో ఎప్పుడూ ఒక గదిలోనే ఉండేది. ఆ గదిలో మంగళవారాలు, వడమాలలు, అమ్మ చెంగు, నూనె వాసన. పక్కగదిలో ఇంకో మాట ఉండేది. విశాఖలో ఎమ్మెస్సీ, ఇనార్గానిక్ లాబ్, గాజుపలక మీద నారింజ ఎరుపు పొడి, ఓడలకి తుప్పు పట్టకుండా పూసే రంగు ఇదే, ఆంజనేయుడికి పూసేదీ ఇదే అని మాస్టారంటే క్లాసంతా నవ్వింది. తనూ నవ్వింది. నవ్వి మరిచిపోయింది. ఎర్ర సీసం. రెండు గదుల మధ్య గోడ ఇప్పుడు, ఈ ఉక్కలో, ఈ వాగు ఒడ్డున, చప్పుడు లేకుండా కూలింది. ఈయనకి తెలియదా? ఒంగోలు కాలేజీలో ఏళ్ళ తరబడి కెమిస్ట్రీ చెప్పినాయన. లెడ్ ఆక్సైడుల మీద ప్రశ్నాపత్రాలు తయారుచేసినాయన. తెలుసు. కాని నుదుటి మీదున్నది ఆయనకి ఎప్పుడూ లెడ్ కాదు, స్వామి. తనకి మాత్రం ఏమైంది? ఆరునెలలుగా ఆ బొట్టును ఎదురుగా కూర్చుని చూస్తోంది. చూసింది బొట్టునే. చేతిని చూడలేదు.

ఆరునెలలు. అంత కాలంగా ఒక చిక్కు ఆమె తలలో ఈగలా తిరుగుతోంది. ఈ రోడ్డు పొడుగునా ఎన్ని వాగులున్నాయో అన్నిట్లోనూ నీళ్ళూ, అడుగుమట్టీ తీసి లాబుకి పంపడం వాళ్ళ పని. ఎడారిలాంటి ఈ ఉత్తర ఆస్ట్రేలియాలో, దక్షిణాన ఎక్కడో కొండల్లో సీసం, జింకు గని తెరుస్తారు. ఆ ఖనిజపు పొడిని నింపుకున్న రోడ్ ట్రైన్లు, రైలు పెట్టెల్లా ట్రెయిలర్లు తగిలించిన లారీలు, ఈ మట్టిరోడ్డు మీద సముద్రం దాకా పోతాయి. పోకముందు నీళ్ళు ఎలా ఉన్నాయి? ఆ సంగతి రేపు ఎవరు చెప్తారు? ఈ బాటిళ్ళే చెప్పాలి. దానికే బేస్‌లైన్ అని పేరు. అన్ని వాగులూ శుభ్రంగా ఉన్నాయి, ఒక్క సాడిల్ వాగు తప్ప. అక్కడ నీళ్ళలో సీసం ఉందని లాబు చెప్పింది. కాని మట్టిలో లేదు. ఎలా కుదురుతుంది? సీసం నీళ్ళలో తేలుతూ తిరిగే రకం కాదు, మట్టిని పట్టుకుని కూర్చునే రకం. నీళ్ళలో అంత ఉంటే అడుగుమట్టిలో దానికి ఎన్నో రెట్లు ఉండి తీరాలి. ఆమె ఎన్నిసార్లు ఆలోచించింది, బావుల గురించి, పాత పశువుల మందుల గురించి, ఎవడో పారేసిన బ్యాటరీల గురించి. పనులు పంచుకున్న తీరు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. మట్టి తను తీస్తుంది. నీళ్ళు ఆయన పడతారు. తన మట్టిలో లేదు. ఆయన నీళ్ళలో ఉంది.

సాడిల్‌లోనే ఎందుకంటే, నీళ్ళు పట్టడం మొదలుపెట్టకముందు, దారి చూసుకోవడానికి వచ్చిన మొదటి ప్రయాణంలో బండి ఆగిపోయింది అక్కడే. నడి వాగులో, తలుపుల దాకా నీళ్ళు, ఇంజను దగ్గి దగ్గి చచ్చిపోయింది. ఆయన స్టీరింగు పట్టుకుని గట్టిగా దండకం చదివారు, ఆమె కిటికీలోంచి బయటికి పాకింది. అప్పటినించీ సాడిల్ దాటేముందు భరిణె బయటికి వస్తుంది. మిగతా వాగులు ఆయనకి లెక్కలేదు, చాలామటుకు ఎండిన ఇసుకే, మడుగులే. ఇవాళ ఎమూ పొంగింది కాబట్టి ఇక్కడా తీశారు. సాడిల్ ముందు బొట్టు. దాటగానే బండి ఆపి, ప్యాంటు మడిచి, నీళ్ళలోకి దిగి, బాటిల్ మూత తీసి, మూడుసార్లు వాగునీళ్ళతో కడిగి, మెడదాకా ముంచి పట్టడం. ఆ సరికి ఆమె బకెట్టూ జల్లెడా పట్టుకుని వంపు తిరిగిన చోటికి నడిచి ఉంటుంది. చేతితొడుగులు ఇచ్చారు, పెట్టెలోనే ఉన్నాయి, సీలు కూడా తీయలేదు. "ఈ వేడికి చేతులు వంకాయల్లా ఉడికిపోతాయమ్మా, వాగులో కడుక్కుంటే చాలదూ." కడుక్కునేవారు కూడా. నూనెలో కలిపిన పొడి నీళ్ళకి పోతుందా? గోటి కింద చేరినది పోతుందా? సూదిమొనంత చాలు, ఒక బాటిల్ నీళ్ళు కాగితం మీద విషమైపోవడానికి. పోల్చి చూడడానికి నింపే శుద్ధజలం బాటిళ్ళు తను క్యాంపులో నింపుతుంది, అందుకే అవి ఎప్పుడూ శుభ్రంగానే వచ్చాయి. మేలో ఎక్కువ వచ్చింది. పొరపాటేమోనని ఆగస్టులో మళ్ళీ పట్టారు. మళ్ళీ ఎక్కువే. రెండుసార్లు చెప్పిన అబద్ధం సైన్సులో నిజమైపోతుంది. ఈ ఉదయం పట్టినది మూడోది, చివరిది.

"ఏంటమ్మా, నోరు కట్టేసుకున్నావ్? బ్రేక్‌ఫాస్ట్ పడలేదా?"

"ఏం లేదంకుల్. తలనొప్పి."

"ఈ బిల్డప్ సీజనంతా ఇంతే. మేఘాలుంటాయి, వాన ఉండదు, మా యూనివర్సిటీ మీటింగుల్లాగ. ఇదుగో, వచ్చేసింది చివరికి." ఆయన నవ్వుకున్నారు. వాగులో సగం మునిగిన తెల్ల గుర్తుకంభం చూపించారు. "చూడు, రెండో గీత కనపడుతోంది. ఇంకో గీత కనపడితే బండి దించేద్దాం. వెనక సాడిల్ వైపు చూశావా? నల్లగా ఎలా కమ్మిందో! టైముకి దాటొచ్చేశాం, స్వామి దయ."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. చెదపుట్టల మీదుగా, బూడిదరంగు చెట్ల మీదుగా, ఆకాశం అటువైపు కాటుక పెట్టుకుంది. ఇంకా కురవలేదు. వానకాళ్ళు కనపడటం లేదు, నల్లగా నిలబడి ఉందంతే. సాడిల్ ఇక్కడికి ముప్పావుగంట. ఇప్పుడు బయల్దేరితే చేరొచ్చు. వాన దిగేలోపు ఆ ఆకుపచ్చ మడుగులో, తొడుగులు వేసుకుని, తన చేత్తో రెండు బాటిళ్ళు పట్టొచ్చు. ఇప్పుడు బయల్దేరితే. మరి ఎలా చెప్పాలి? అంకుల్, మీ దేవుడి వల్ల. కాదు. అంకుల్, మీ చేతి వల్ల. అది ఇంకా ఘోరం. చెప్పకపోతే? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఎర్రమరకని తన రుమాలుతో తుడిచేస్తే అసలు మరకే లేదు.

క్రిస్‌కి మహా సంతోషం. కంపెనీ తరఫున బ్రిస్బేన్‌లో కూర్చుని ఈ పరీక్షలన్నీ చూసే మనిషి క్రిస్. సాడిల్ అంకెలో తప్పుందేమో, మట్టితో కలవడం లేదు, మళ్ళీ కొత్తగా మొదలుపెట్టాలేమో అని తను ఫోను చేస్తే ఎంత మృదువుగా మాట్లాడాడు. "దాన్ని ఎందుకు కెలకడం, షేషూ? హై నంబర్ ఈజ్ ఎ గుడ్ నంబర్. అక్కడి నీళ్ళు మొదటినించీ అంతేనన్నమాట. ప్రకృతిని మనం కోర్టుకి లాగలేం కదా." నవ్వాడు. ఇంట్లో బార్బెక్యూ విందుకి రమ్మన్నాడు. అప్పుడు తనకి వెన్నులో ఏదో పాకింది. ఇప్పుడు దానికి పేరు దొరికింది. రేపు ఒక రోడ్ ట్రైను సాడిల్ దగ్గర పల్టీ కొడుతుంది, పొడి వాగులో కలుస్తుంది, లేకపోతే రోజూ చక్రాల వెంట కొంచెం కొంచెం రాలుతుంది. ఎవరైనా నీళ్ళు పరీక్ష చేయిస్తారు. సీసం ఉంటుంది. కంపెనీ ఈ రిపోర్టు తీసి చూపిస్తుంది. ఇదిగో, మేం రాకముందే ఇంత ఉంది. కింద సంతకాలు, డాక్టర్ వాసుదేవరావు, శేషుకుమారి.

ఆ నీళ్ళు తాగేది ఎవరు? కరోలిన్. సాడిల్ ఒడ్డున నాలుగు రేకుల ఇళ్ళు, ఆమెవి, ఆమె చెల్లెళ్ళవి. ఆ నేల వాళ్ళది, ఎప్పటినించి అంటే ఆమె చేత్తో కొండల వైపు చూపిస్తుంది, అంతే. వాగులో పంపు, పంపుకి గొట్టం, గొట్టం చివర ట్యాంకు. పిల్లలు పొద్దస్తమానం ఆ మడుగులోనే, పేపర్‌బార్క్ చెట్టుకి తాడు కట్టి దూకుతూ, నోటితో నీళ్ళు చిమ్ముకుంటూ. మేలో చిక్కటి టీ ఇచ్చి కరోలిన్ అంది, "ప్రతిసారీ మా నీళ్ళు పట్టుకుపోతారు. సిడ్నీలో నీళ్ళు లేవా పాపం?" ఆయన నుదురు చూసి, "ఓల్డ్ మ్యాన్, అదేంటి, పెయింటా?" అంది. "మా దేవుడిది. వాగు దాటితే మునగకుండా చూస్తాడు" అన్నారాయన. "కుడివైపు రాళ్ళ మీంచి పోనీ, దేవుణ్ణి ఇబ్బంది పెట్టకుండా" అంది కరోలిన్, ఆడవాళ్ళంతా పడి పడి నవ్వారు, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు. పెయింటా? ఆ క్షణాన తన తల ఎక్కడుంది? టీలో చక్కెర ఎక్కువైందని ఆలోచిస్తోంది. ఇప్పుడా పిల్లలు మడుగులో ఉంటారు. వాళ్ళు మింగే నీళ్ళు ఇవాళ స్వచ్ఛమైనవి. ఇవాళ. అది చెప్పగలిగిన సాక్ష్యం మాత్రం లోకంలో లేదు.

చెప్పు. ఇప్పుడే చెప్పు. నోరు తెరిచింది, ఆయన పులిహోర డబ్బా తెరిచారు. ఆయన భార్య లలితకుమారి ఆంటీ కట్టిచ్చినది, ప్రయాణమంతా పాడవకుండా ఉండాలని చింతపండు ఎక్కువ వేసి. దాని వాసనతో సిడ్నీ గిరావీన్‌లోని వాళ్ళ ఇల్లు మొత్తం బండిలోకి వచ్చి కూర్చుంది. తను ఈ దేశంలో దిగిన మొదటి శీతాకాలం, వెస్ట్‌మీడ్ దగ్గర వృద్ధాశ్రమంలో ముసలాళ్ళ పక్కబట్టలు మారుస్తూ, చేతుల్లో ఫినాయిలు వాసన, బీరువాలో ఎమ్మెస్సీ సర్టిఫికెట్టు. ఆంటీ ఇంట్లో అద్దెగది. అద్దె మాటెత్తితే ఆంటీ కసిరేది. వాసుదేవరావు తన సర్టిఫికెట్టు తిరగేసి, జియోకెమిస్ట్రీ చదివి దుప్పట్లు మడతపెడుతున్నావా, సిగ్గులేదూ అని తిట్టి, తను పనిచేసే కన్సల్టెన్సీలో అందరితో పోట్లాడి ఉద్యోగం ఇప్పించారు. ఆ సింధూరం భరిణె నింపేది ఆంటీయే. ఊళ్ళో గుడినించి వాళ్ళ తమ్ముడు పంపుతాడు. ఏరులు దాటే పని, ముసలితనంలో ఈయనకెందుకొచ్చిన పని అంటూ సూట్‌కేసులో ఆంటీయే స్వయంగా పెడుతుంది. ఆంటీ చేత్తో పెట్టిన భరిణె. దాన్ని ఏమని పిలవాలి ఇప్పుడు?

యూనివర్సిటీలో ఆయన పోస్టు తీసేశారు. ఈ వయసులో వేరేచోట ఎవరిస్తారు? ఇదే చివరి పని అని ఆయనకీ తెలుసు, ఆంటీకీ తెలుసు, అనరంతే. బొట్టు సంగతి బయటపడితే ఆఫీసులో ఏమవుతుంది? తిట్టరు. తిడితే బాగుండు. నవ్వుతారు. కాఫీ దగ్గర నవ్వుతారు, క్రిస్‌మస్ పార్టీలో నవ్వుతారు, ఇండియన్ డాక్టరు నుదుటినించి సీసం రాల్చాడట అని ఊరూరా చెప్పుకుంటారు. తర్వాత ఏ ఇండియన్ దరఖాస్తు వచ్చినా ఆ కథే ముందొస్తుంది. తన దరఖాస్తు కూడా. ఇక్కడ నీ ఉద్యోగం కూడా ఉంది శేషూ, దాన్ని ఆంటీ పులిహోర వెనక దాచకు. సరే, ఉంది. అదీ ఉంది. అసలు నిజంగా బొట్టేనా? మేలో చూశావా చెయ్యి? ఆగస్టులో చూశావా? ఒక్క మరక చూసి మొత్తం కట్టేస్తున్నావేమో. లాబులో పొరపాటు కావచ్చు. పంపు పాతది, దాని సోల్డరింగు కావచ్చు. కాదు. పంపుకి ఎగువన ఆయన నిలబడతారు, దిగువన కాదు. కాదని తెలుసు. తెలిసీ కారణాలు వెతకడం ఎంత తేలిక, వరసకట్టి వస్తాయి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని. సిడ్నీ వెళ్ళాక నెమ్మదిగా చెప్తే? ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, ఆంటీ లేనప్పుడు, నెమ్మదిగా. వానాకాలమంతా ఈ రోడ్డు మూతపడుతుంది. వానలు వెనకబట్టగానే బుల్డోజర్లు దిగుతాయి. ఆ తర్వాత పట్టేవి రోడ్డు పడ్డాక నీళ్ళు. నెమ్మదిగా చెప్పడానికి నెమ్మదైన కాలం లేదు. ఆయన ఒక ముద్ద చేసి మూతలో పెట్టి ఆమెకిచ్చారు. ఆమె తింది. గొంతు దిగింది. వెనక, ఎక్కడో, పెద్ద బండరాయి దొర్లినట్టు ఉరిమింది.

ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే చెప్పాల్సి వస్తుంది. ఎమూ వాగునే చూస్తూ కూర్చుంది. కొమ్మలు, బీరు క్యాను, చచ్చిన బల్లి, నురగ. ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నారు. చెమట నుదుటి బొట్టును పట్టుకుని కనుబొమ దాకా సన్నటి ఎర్రదారి దింపింది. ఆయన చేత్తో తుడుచుకున్నారు. ఆ చెయ్యి స్టీరింగు మీద పెట్టారు. స్టీరింగు, గేరు, భరిణె, మూత, బాటిల్, వాగు, గొట్టం, ట్యాంకు, పిల్లలు. ఒక్క దారం. ఆ దారం చివర ఆమె కూర్చుని ఉంది, చేతిలో కత్తెర పెట్టుకుని.

"మూడో గీత!" అని ఆయన ఇంజను తిప్పారు.

"అంకుల్, ఆపండి."

"ఏమైందమ్మా? వాంతొస్తుందా?"

"సాడిల్ నీళ్ళలో సీసం లేదంకుల్. మన చేతుల్లో ఉంది." ఆమె భరిణె వైపు చూపించింది. "మన చేతుల్లో కూడా కాదు. మీ బొట్టులో."

ఇంజను నడుస్తూనే ఉంది. ఆయన ఆమెను చూడలేదు. అద్దం కిందికి వంచి తన నుదురు చూసుకున్నారు, చాలాసేపు, ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసి, కళ్ళ దగ్గర పెట్టుకుని, గోళ్ళ సందుల్లోని ఎరుపు చూశారు. పెదవులు కదిలాయి. ఈసారి దండకం కాదు. "లెడ్ టెట్రాక్సైడ్" అన్నారు, క్లాసులో చెప్పినట్టు, స్పష్టంగా. తర్వాత బండి వెనక్కి తిప్పారు, ఎంత వేగంగా అంటే ఎస్కీ జారి వెనక తలుపుకి కొట్టుకుంది.

దారిలో కాసేపు ఆమె బండి నడిపితే, సీసాడు తాగునీళ్ళు పోసుకుని, సబ్బుతో చేతులు, మొహం కడుక్కున్నారు. స్టీరింగు మళ్ళీ తనే తీసుకున్నారు. గతుకులు చూడలేదు. కంగారూ ఒకటి అడ్డం దూకినా బ్రేకు వేయలేదు. చాలా దూరం పోయాక అడిగారు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇందాక. ఎమూ దగ్గర మీరు బొట్టు పెట్టుకుని మూతలు చూశారే, అప్పుడు."

అద్దం మీద మొదటి చినుకు పడింది, రూపాయి బిళ్ళంత. తర్వాత ఇంకోటి. తర్వాత లెక్కపెట్టే పని లేకపోయింది.

సాడిల్ వాగు కనపడకముందే వినపడింది. మలుపు తిరిగేసరికి ఆకుపచ్చ మడుగు లేదు. పిల్లలు దూకే తాడు లేదు, దాన్ని కట్టిన కొమ్మ లేదు. ఎండాకాలమంతా పోగుపడిన బూడిద, పేడ, కాలిన గడ్డి, కొండల మీది ఎర్రమట్టి అంతా ఒక్కటై గోడలా దిగుతోంది. తను మట్టి తీసే వంపు నీటి అడుగున ఎక్కడుందో కూడా పోల్చుకోలేకపోయింది. అవతలి ఒడ్డున కరోలిన్, ఇద్దరు ఆడవాళ్ళు పంపు గొట్టాన్ని పైకి లాగుతున్నారు. పిల్లలు వానలో గంతులేస్తూ కేకలు పెడుతున్నారు. వాన వచ్చిందని వాళ్ళకి పండగ.

వాసుదేవరావు పెట్టెలోంచి తొడుగుల ప్యాకెట్టు తీసి సీలు చింపి, రెండు చేతులకీ తొడుక్కున్నారు. తడిసిన చేతులకి అవి ఎక్కలేదు, పళ్ళతో లాగారు. ఖాళీ బాటిల్ పట్టుకుని ఒడ్డు దాకా నడిచారు. అక్కడ నిలబడిపోయారు. ఆమె వెనకే వెళ్ళింది.

"దీన్ని పట్టి లాభం లేదంకుల్. తొలి వరద. ఇందులో అన్నీ ఉంటాయి. ఏ అంకె వచ్చినా దేనికీ సాక్ష్యం కాదు."

"తెలుసు" అన్నారు. వెనక్కి వచ్చి ఎస్కీ తెరిచి, ఉదయం పట్టిన బాటిళ్ళు తీసి, మూతలు విప్పి, ఒక్కొక్కటే వరదలో ఒంపేశారు. మరక ఉన్న మూత ఏదో ఆమెకిప్పుడు తెలియలేదు, వానకి అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. "మేలో, ఆగస్టులో వచ్చిన పాత అంకెలు రెండూ కొట్టేస్తాను. ఎందుకు కొట్టేశానో రాస్తాను, నా పేరు పెట్టి. నీ పేరు వద్దు. అప్పుడు సాడిల్ ఎదురుగా ఏముంటుంది? ఖాళీ. ఖాళీలో క్రిస్ తనకి కావలసింది రాసుకుంటాడు." చివరి బాటిల్ కూడా ఒంపేశారు. నుదురు తెల్లగా, నగ్నంగా ఉంది. ఆమె ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"ఆ గంటసేపూ ఏం ఆలోచించావమ్మా?"

కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు, పరీక్షలో తప్పిన పిల్లని అడిగినట్టు.

"మీ గురించే అంకుల్."

ఆయన వరదను చూశారు. అవతల గొట్టంతో పెనుగులాడుతున్న ఆడవాళ్ళను చూశారు. తొడుగుల చేతులు రెండూ ఏం చేయాలో తెలియనట్టు గాలిలో ఉన్నాయి.

"నా సంగతి నాకు చెప్పడానికి గంట పట్టిందా తల్లీ" అన్నారు.

ఆమె కాళ్ళ ముందు ఒడ్డు ఒక జానెడు విరిగి నీళ్ళలో పడింది. ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.